బల్లకు దూరం

మాబెల్ గౌలిగూడకు మారిపోయి ఐదు నెలలైనా బెత్సీ చేయి ఇద్దరికి సరిపడా బియ్యమే తీసేది. మిగిలిన అన్నం చూసినప్పుడల్లా తాను గెలిచిన వాదం గుర్తుకు వచ్చేది.

బెత్సీ బడిపంతులమ్మ, మాబెల్ దవాఖానలో నర్సు. నాంపల్లి స్టేషను వెనుక ఒకే ఇంట్లో పదకొండేళ్లు ఉన్నారు. 1937లో, వానలు వెలిశాక, మాబెల్ చాదర్‌ఘాట్ దగ్గర మూసీలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుంది. పసితనంలో నొసట చిలకరించిన నీళ్లకు తన విశ్వాసం తోడు లేదని ఆమె నమ్మకం. తనకు చంటితనంలోనే బాప్తిస్మం ఇప్పించిన తండ్రి మీద నిందగా బెత్సీ దాన్ని తీసుకుంది. అందుకే, ఒకే ఇంట్లో ఉండే మనిషి కదా అని సంఘ పెద్ద ప్రేమ్‌రాజ్ గుడిలో అందరి ముందూ మాబెల్ సంగతి ఏం చేద్దామని బెత్సీని అడిగినప్పుడు, "మా నాయన చేసింది అబద్ధమంటున్నది. ప్రభువు బల్లకు రానివ్వకండి" అంది. ఆబిడ్స్ గుడిలో ఆ మాటే నెగ్గింది; ప్రభువు పేర అందరూ కలిసి పుచ్చుకునే రొట్టె, ద్రాక్షరసం మాబెల్‌కు అందకుండా పోయాయి. తనను బల్లకు దూరం చేసిన మనిషితో ఒకే పొయ్యి మీద వండుకోవడం ఎవరి తరం? మాబెల్ ట్రంకుపెట్టె సర్దుకుంది.

ఒంటరితనం వాదం కన్నా గట్టిది. ఒక ఆదివారం బెత్సీ తన గుడి మాని గౌలిగూడ దారి పట్టింది. మాబెల్ చేరిన కొత్త సంఘం కూడుకునేది ఒక మేడ మీది గదిలో. బెత్సీ వెళ్లి ఆమె చాప మీదే కూర్చుంది. మాబెల్ కాస్త జరిగింది, అంతే.

రొట్టె పళ్లెం కదిలే ముందు అక్కడి పెద్ద రాజయ్య నెమ్మదిగానే చెప్పాడు: "మునిగి బాప్తిస్మం పొందినోళ్లే తీసుకోవాలె. తక్కినోళ్లు తప్పుగ అనుకోవద్దు."

తన తీర్పు మరొకరి నోట తనకే ఎదురైంది. బెత్సీ చేతులు ఒళ్లో ముడుచుకుంది. పళ్లెం ఆమెను దాటి మాబెల్ చేతికి వచ్చింది. మాబెల్ ముక్క తుంచకుండానే పక్కామెకు అందించింది.

ఆరాధన ముగిశాక మెట్ల మీద బెత్సీ అడిగింది: "ఎందుకు తీసుకోలే?"

"నిన్ను పక్కన కూసోబెట్టుకొని నేనొక్కదాన్నే తినాల్నా? అన్నమే గట్ల తినలే గద అక్కా."

"అయితే మునిగింది తప్పంటవా?"

"నూరుసార్లు అడుగు, అనను. గని మీ నాయన చేసింది అబద్ధమని నేనెప్పుడన్న? గుడంత నువ్వే చాటినవు."

బెత్సీ ఎంత వెతికినా ఆ మాట మాబెల్ నోట విన్న జ్ఞాపకం దొరకలేదు. అది తన భయం. తానే ఆమె నోట పెట్టి, తానే శిక్ష వేయించింది.

"తప్పు నాదే. ఇంటికి రారాదు, మాబెల్?"

"మందిల అన్నది మందిలనే తియ్యాలె. తర్వాత చూద్దాం. ఒకవేళ వచ్చినా నేను మునిగినదాన్నే."

"నేను చిలకరించుకున్నదాన్నే."

"తెల్వదా ఏంది!" అని మాబెల్ నవ్వి, పైకి పోయింది.

ఆబిడ్స్ గుడిలో పెద్దలూ జనమూ ఇంకా ఇళ్లకు పోని వేళ. బెత్సీ ఎండలో ఒంటరిగా అటు నడిచింది.