ఎక్కిలి

పాత సినిమాకి కొత్త సోకులు చేస్తున్నాం, రండి అని పిలిస్తే వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు హీరోయిన్ గారు, రెండోవాడు డ్రమ్ములాయన. మిగిలినవాళ్లు రాకపోవడానికి వాళ్లకి గట్టి కారణమే ఉంది. హీరో పోయాడు, దర్శకుడు పోయాడు, డ్యాన్సు మాస్టారూ పోయాడు. ఆయన పైనున్నవాళ్లని కూడా వరసలో నిలబెట్టి మోకాళ్లు అరగదీస్తూ ఉంటాడని డ్రమ్ములాయన నమ్మకం.

పాటలు తప్ప కథ లేదని ఆ సినిమాని అప్పట్లో అందరూ తిట్టారు. ఇప్పుడు కథ ఎవరికీ గుర్తులేదు కాబట్టి ఆణిముత్యం అంటున్నారు.

గోడలకి మెత్తటి దూది అట్టలు అంటించిన చిన్న గది అది. తెర ముందు నాలుగు కుర్చీలు. శబ్దాలు శుభ్రం చేసే అమ్మాయి, డ్రమ్ములాయన మోకాలు రుద్దుకోవడం చూసి, అడక్కుండానే ఏసీ తగ్గించింది. తన కుర్చీలోని దిండు తీసి ఆయన వీపు వెనక పెట్టింది. భార్య పోయినప్పటినుంచీ ఇలాంటివి ఆయన కంట పడుతున్నాయి. అంతకుముందు లోకంలో మంచివాళ్లు లేరని కాదు. గమనించే పని ఆవిడ చూసుకునేది.

"పెద్ద పాట వేస్తున్నాం సార్. విని చెప్పండి, కడిగిన ముత్యంలా ఉంటుంది," అన్నాడు చిన్న నిర్మాత. సినిమా తీసిన పెద్దాయనకి మనవడు. తాత పోలికలన్నీ వచ్చాయి, చెవులు తప్ప.

పాట మొదలైంది. డ్రమ్ములాయన చేతులు వాటంతటవే మోకాళ్ల మీద వాయించడం మొదలుపెట్టాయి. పల్లవి అయింది, చరణం అయింది, డ్రమ్ము ఠక్కున ఆగే చోటు వచ్చింది. ఆయన ఊపిరి బిగపట్టాడు.

ఏమీ రాలేదు. చీమ చిటుక్కుమనలేదు. తర్వాత డ్రమ్ము మళ్లీ అందుకుంది.

అక్కడ ఒక ఎక్కిలి ఉండాలి.

అది ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. ఆ రోజుల్లో పాట రికార్డింగంటే వాద్యాలు, పాడేవాళ్లు, కోరస్ అందరూ ఒకే హాల్లో. ఎవడు ఎక్కడ తప్పు చేసినా అందరూ మళ్లీ మొదటికి. కోరస్‌లో మూడో ఆడమనిషి డ్రమ్ములాయన భార్య. విరామంలో బన్ను గబగబా మింగి వచ్చి నిలబడింది. హాలంతా నిశ్శబ్దంగా ఉండాల్సిన ఆ ఒక్క క్షణంలో "ఇక్" అంది.

సంగీత దర్శకుడు చేతిలో కర్ర విసరబోయాడు. కానీ అసలు గాయని చేతులు కట్టుకుంది. "మళ్లీ పాడను. నా గొంతేమైనా మీ తాతగారి సొత్తా?" అంది. దాంతో ఎక్కిలి ఉండిపోయింది.

టేపు డ్యాన్సు మాస్టారికి వెళ్లింది. ఇది పొరపాటని ఆయనకి చెప్పినవాడు లేడు. కావాలనే పెట్టారనుకుని, ఎక్కిలి దగ్గర అందరి భుజాలూ ఒక్కసారి ఎగిరిపడేలా స్టెప్పు కట్టాడు. సినిమా వచ్చాక హాళ్లలో జనం కూడా అక్కడ కలిసికట్టుగా ఎక్కిలి పెట్టేవాళ్లు. అంత తియ్యటి ఎక్కిలి ఎలా పలికించారండీ అని అడిగితే గాయని సిగ్గుపడి, "అలా వచ్చేసిందండీ," అనేది. రేడియోలో అది విని డ్రమ్ములాయన పళ్లు నూరేవాడు. భార్య మాత్రం నవ్వేది. "పోనీలెండి. పాట ఆవిడ బాగా పాడింది, ఎక్కిలి నేను బాగా పాడాను."

ఇప్పుడు ఇంట్లో ఆవిడ ఫోటోలున్నాయి. గొంతు లేదు. కోరస్‌లో పదిమంది మధ్య కలిసిపోయిన గొంతుని ఎవరు విడదీస్తారు? విడిగా వినపడేది ఆ "ఇక్" ఒక్కటే. సాయంత్రాలు పాట అక్కడిదాకా పెట్టుకుని, విని, ఆపేసేవాడు.

"ఎలా ఉంది సార్?" అన్నాడు చిన్న నిర్మాత.

"బాబూ... అక్కడ మా ఆవిడ ఉండాలి," అన్నాడు డ్రమ్ములాయన.

చిన్న నిర్మాత తెర వైపు వంగి చూశాడు. "ఏ వరసలో?"

"తెర మీద కాదు. ఆ ఎక్కిలి. అది మా ఆవిడది."

"ఓరి నీ! ఇన్నాళ్లూ ఆ మహాతల్లిదనుకుని మెచ్చుకున్నానే!" అంది హీరోయిన్ గారు.

చిన్న నిర్మాత గొంతు తగ్గించాడు. "అర్థమైంది సార్. కానీ ఇప్పటి కుర్రకారు విని, శుభ్రం చేయడం రాలేదంటారు. ఒక్కరి కోసమంటే..."

డ్రమ్ములాయన తలూపాడు. వాదించడం ఆయనకి చేతకాదు. ఇంట్లో ఆ శాఖ కూడా భార్యదే.

"ఏమయ్యా చిన్నోడా," అంది హీరోయిన్ గారు, "ఆయన సంగతి తర్వాత. నా భుజాల సంగతేంటి? అమ్మాయ్, ఆ ముక్క మళ్లీ వెయ్యి. ఈ చిన్నోణ్ణి కళ్లు తెరుచుకుని చూడమను."

అమ్మాయి వేసింది. డ్రమ్ము ఆగింది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో హీరోయిన్, వెనక ఉన్న డ్యాన్సర్ల దండు, ఆఖరికి మెట్ల మీద కూర్చున్న ముసలి వేషగాడు కూడా ఒక్కసారి భుజాలు ఎగరేశారు. హీరో ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"గుమ్మడికాయల దొంగెవడంటే ఊరంతా భుజాలు తడుముకున్నట్టు లేదూ?" అంది ఆవిడ. "ఆ హీరో చూపు చూడు, నన్నెవరో గిల్లారనుకుంటారు! ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టావు కదయ్యా!"

చిన్న నిర్మాత నవ్వాపుకోవాలని చూశాడు. కుదరలేదు. ముసలి వేషగాడి భుజాలు చూడ్డానికి ఇంకోసారి వేయించుకున్నాడు.

"ఆ ఎక్కిలి పెట్టెయ్యమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఉందా, పోయిందా?"

"ఉందండీ. తీసినవేవీ నేను పారెయ్యను," అంది అమ్మాయి. డ్రమ్ములాయన వైపు తిరిగింది. "అదొక్కటే కాదు, దాని వెనక ఇంకా ఏదో ఉంది. మీ డ్రమ్ము కింద పడి ఇన్నాళ్లూ వినపడలేదు. వింటారా?"

వాద్యాలన్నీ పక్కకి తీసేసి, మిగిలిన చెత్త మాత్రం వేసింది. కుర్చీ కిర్రుమంది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. "ఇక్." వెంటనే ఒక పడుచువాడి గొంతు, పళ్ల మధ్యనుంచి: "ఊపిరి బిగపట్టవే మొద్దూ!" ఆ మాట పూర్తి కాకముందే దాని మీదుగా ఆడమనిషి నవ్వు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు.

డ్రమ్ములాయన చేతులు మోకాళ్ల మీద ఆగిపోయాయి.

"దేశమంతా పాడుకున్న పాటలో పెళ్లాన్ని తిట్టావటయ్యా!" అంది హీరోయిన్ గారు. అంటూనే తన చేతిరుమాలు ఆయన ఒళ్లో పడేసి, తెర వైపు తిరిగి కూర్చుంది.

ఆయన రుమాలు మడతపెట్టి అమ్మాయి వైపు తిరిగాడు. "సినిమాకి ఎక్కిలి చాలమ్మా. ఈ ముక్క నాకు విడిగా ఇస్తావా? ఆ తిట్టు తీసేసి, నవ్వు ఉంచి..."

అమ్మాయి మీటలు అటూ ఇటూ కదిపి చూసింది. "రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయండీ. తిట్టు తీస్తే నవ్వూ పోతుంది."

"అయితే అలాగే ఇచ్చెయ్," అన్నాడు డ్రమ్ములాయన. "ఇంట్లోనూ అంతే ఉండేది."