ఐలవ్వ రాసిన పేజీ

కాగజ్‌నగర్ బస్టాండు ముందటి జిరాక్స్ షాపుల ప్రిస్కిల్లా పొద్దంతా ఆధార్ కార్డులు బోర్లిస్తది. గిరాకీ లేనప్పుడు ఫోన్ల ఆట ఆడుతది. కూలిన కోటల తిరుగుకుంట పాతకాలపు మతగ్రంథాలు ఏరుకునే ఆట. అన్న సాల్మన్ నేర్పిండు. అన్న జ్వరంతోని పోయి నాలుగు నెలలైనా ఆమె ఆట మానలే. ఆ కోటల అన్న నడిచిన తొవ్వలన్నీ ఆమెకు ఎరుక.

ఆ పూట ఆటల గంట గోపురం మెట్ల కింద వాళ్ల ఇంటి వేదపుస్తకం దొరికింది.

మిషన్ కాలంల అచ్చయింది, తాతల కాడికెల్లి వచ్చింది. అట్ట మీద ఆముదం మరక. రెండేండ్ల కింద తల్లి ఐలవ్వతోని పాటు సమాధిల పెట్టిన పుస్తకమే. పక్కన ఫోటోలు కత్తిరిస్తున్న నాగరాజు తొంగి చూసిండు. అతనూ అదే ఆట ఆడుతడు.

"మీదే గదా అక్కా? నాకు నిన్ననే దొరికింది. మీ అవ్వ రాత సదువుడు జర కష్టమే."

ఐలవ్వ ఆదివారం బడిల నేర్చిన అక్షరాలు అవి. ఆ పుస్తకం మొదటి పేజీ ఆమెదే. ఇంట్ల పుట్టినోళ్లకు "వచ్చిండు" అని, సచ్చిపోయినోళ్లకు "పోయిండు" అని తారీఖు పెట్టి రాసేది. మూడేండ్ల కింద సాల్మన్, బాపు మాట కాదని సిరిసిల్ల మరమగ్గాల కార్ఖానాల పనిచేసే నర్మదను చేసుకున్నడు. ఆ రోజు బాపు మైసయ్య ఐలవ్వ చేతిల పెన్ను గుంజుకొని, బతికున్న కొడుకు పేరు పక్కన "పోయిండు" అని రాసిండు. ఏడాది తిరగకముందే ఐలవ్వ పోయింది. తన రాత ఎవరి కంట పడొద్దని మైసయ్యనే పుస్తకాన్ని ఆమె చేతుల కింద పెట్టి పెట్టె మూయించిండు.

కొడుకు నిజంగ పోయినప్పుడు ఆయన సిరిసిల్ల పోలే. ప్రిస్కిల్లా ఒక్కతే పోయి మట్టి వేసి వచ్చింది. నర్మద తల్లిగారోళ్లు కూడా తలుపు మూసుకున్నరు. ఇప్పుడు ఆమె ఎనిమిదో నెల కడుపుతోని మగ్గం కాడ నిలబడుతది. వదినను తెచ్చుకుందామని ప్రిస్కిల్లా ఎన్నిసార్లు అడిగినా బాపు "మనకు కోడలెవలు" అని లేచి బయటికి పోతడు.

ప్రిస్కిల్లా ఫోన్ల ఆ పేజీ తెరిచింది. బాపు రాసిన "పోయిండు" అట్లనే ఉంది. దాని కింద ఆరని సిరాతోని, వంకర అక్షరాలతోని, "సాల్మన్ వచ్చిండు". తారీఖు అన్న కన్నుమూసిన రోజుది.

ఆమె షాపు నాగరాజుకు అప్పజెప్పి ఇంటికి ఉరికింది.

చాటల బియ్యం ఏరుతున్న మైసయ్య ఫోన్ అందుకొని, అద్దాలు పెట్టుకొని చదివిండు. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి చదివిండు.

"బతికున్నోన్ని పోయిండని రాసి నేనే పంపిన బిడ్డా. మీ అవ్వ తీసుకున్నది."

"కింద ఇంకోటి ఉన్నది బాపూ."

"నర్మద బిడ్డ వస్తది" అని ఉంది. తారీఖు లేదు.

మైసయ్య అద్దాలు తుడుచుకొని మళ్ల చదివిండు. "యాడికి వస్తదే? మీ అవ్వ కాడికా, మన కాడికా?"

అవ్వ అది రాయలే. మైసయ్య చాట కింద పెట్టి అంగీ తొడుక్కున్నడు.

మంచిర్యాల, కరీంనగర్ దాటి ఆయన సిరిసిల్ల చేరేసరికి దీపాలు పెట్టే యాల్లయింది. కార్ఖానాల ఇరవై మగ్గాలు కొట్టుకుంటున్నయి. నర్మద గుర్తుపట్టింది గాని పని ఆపలే.

"మట్టి వెయ్యను రాలే గద మామా. ఇప్పుడెందుకు?"

ఆ చప్పుడుకు మైసయ్యకు మాట వినపడలే. పెదవులు చూసి తెలుసుకున్నడు. దూది రేగుతున్న నేల మీద కూర్చున్నడు.

"కాన్పుకు తీస్కపోను వచ్చిన."

"ఆయన ఉంటే వచ్చేటోళ్లా?"

"రాకపోదును."

నర్మద స్విచ్చు బంద్ చేసింది. ఆమె మగ్గం ఒక్కటే ఆగింది. కడుపు అడ్డమై చెప్పులు కనపడక పాదంతోని నేల తడుముతుంటే, మైసయ్య వంగి వాటిని ఆమె కాళ్ల ముందట పెట్టిండు.