పూసల మంచుగడ్డ

నేను ఒక మంచుగడ్డను, కానీ కరగను. నన్ను పూసలతో, చీపురుపుల్లలతో కట్టారు. మంచన్నది ఎన్నడూ కురవని విశాఖపట్నంలో, ఆడపిల్లల హాస్టలు గదిలో పుట్టాను.

నన్ను కట్టింది విశాలాక్షి. భౌతికశాస్త్రంలో పరిశోధన చేసేది. నాలో ఎర్రపూస ఆక్సిజన్, తెల్లపూస హైడ్రోజన్. ప్రతి ఎర్రపూసకూ నాలుగు పుల్లలు, వాటి చివర నలుగురు ఇరుగుపొరుగు. ఆరేసి ఎర్రపూసలు ఒక వలయం. వలయాలన్నీ అల్లుకుంటే నేను. అంతవరకూ బాగానే ఉంది. పుల్లకొక తెల్లపూస గుచ్చాలి, అది ఏదో ఒక కొసకు జరిగి ఉండాలి, ఏ ఎర్రపూసకైనా దగ్గరగా జరిగినవి రెండే ఉండాలి. ఇక్కడ సరిచేస్తే అక్కడ మూడయ్యేవి. పాపం, ఏడుపొక్కటే తక్కువ. చివరికి నోము పట్టిన ముత్తయిదువలా గొణగడం మొదలుపెట్టింది. ఎర్రపూస తనవి రెండు పక్కవాళ్లకు చాపితే "ఇస్తినమ్మ వాయనం", పక్కవాళ్లు చాపినవి రెండు అందుకుంటే "పుచ్చుకుంటినమ్మ వాయనం". ఇక తప్పు పోలేదు.

అదే గదిలో ఉండే స్నేహితురాలు హేమలత పడీ పడీ నవ్వింది. ఒక కాలేజీలో ఉన్న ఒకే ఒక్క లెక్చరర్ ఉద్యోగానికి మర్నాడు ఇద్దరూ ఇంటర్వ్యూకు వెళ్లాలి. నన్ను చూపించి పాఠం చెబితే ఉద్యోగం తనదేనని విశాలాక్షి ఆశ.

"బస్సులో నలిగిపోతుందే. మా బావ కార్లో నేను పట్టుకొస్తాలే" అంది హేమలత.

విశాలాక్షి నమ్మింది. నేనూ నమ్మాను.

మర్నాడు లోపలికి ముందు హేమలతను పిలిచారు. నన్ను బల్లమీద పెట్టి, వాయనం మాటతో సహా పాఠమంతా గడగడా అప్పజెప్పింది. పెద్దలు మురిసిపోయారు. నా ఒళ్లు మండిపోయింది. మంచుగడ్డకు ఒళ్లు మండడమేమిటని నవ్వకండి.

తర్వాత వచ్చిన విశాలాక్షి నన్ను చూసి కొయ్యబారిపోయింది. "ఇది నేను చేసిందండీ" అంది.

"ఇందాక ఆ అమ్మాయి చెప్పింది కదమ్మా, వాయనాలూ అవీ. ఒకరి కష్టం మనదనుకోవచ్చునా?" అన్నాడు ప్రిన్సిపాలు. ఆమె నావైపు చెయ్యి చాపింది. "ముట్టుకోకమ్మా, విరిగిపోతుంది" అన్నాడు ఆయనే.

ఆ చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు అదే కాలేజీలో, అద్దాల బీరువాలో ఉంటున్నాను. ఏటా కొత్త పిల్లలు వస్తారు. "మేడమ్, ఇంత ఓపిగ్గా మీరే కట్టారా?" అని హేమలతను అడుగుతారు. ఆమె చిన్నగా నవ్వి ఊరుకుంటుంది. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు.