వెన్ను కాగితం

ఆ బైండరు వేసిన అట్ట ఊడిందని నలభై ఏళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. మైదా జిగురులో వజ్రం బంక కలిపి, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి, పుస్తకం వెన్నుకి మూడు పొరల చిత్తుకాగితం అంటించేవాడు. ఆ కాగితం ఎవరికీ కనబడదు. దాని మీద గుడ్డ, గుడ్డ మీద అట్ట. కనబడని చోట మంచి కాగితం వాడేవాడు వెర్రివాడని ఆయన సిద్ధాంతం.

భార్య పోయిన ఏడాదికి కూతురు తల్లి పెట్టె సర్దుతూ ఒక కట్ట పట్టుకొచ్చింది. అచ్చు తప్పిన ఫారాల వెనక వైపు తల్లి ఇంకుతో రాసిన కథ.

ఆవిడ పని అచ్చైన పెద్ద కాగితాలు, ఆ ఫారాలు, పుటలుగా మడిచి కుట్టడం. మడుస్తూనే చదివేది. ఒప్పందాల చట్టం చదివింది. మిరియాల కోసం సముద్రాలు దాటిన వర్తకుల చరిత్ర చదివింది. మంచుఖండం కొలవడానికి వెళ్ళిన శాస్త్రజ్ఞుల దినచర్య చదివింది. ఇంకా పుట్టని కాలాల కథలు చదివింది. అన్నీ కలిపి తన కథ ఒకటి అల్లింది. ఒక ఓడ చుక్కల్లో ఒక లోకం చేరుతుంది. అక్కడ వినేవాళ్ళుంటేనే మాట బయటికొస్తుంది. బేరానికి దిగిన వర్తకులు ఒకరి మాట ఒకరు వినరు గనక ఎవరికీ గొంతు పెగలదు. చివరికి ఓడలోని వంటమనిషి లేచి నిలబడుతుంది. అక్కడితో కాగితాలు అయిపోయాయి.

"మిగతా సగం ఏది నాన్నా?"

ఆయనకి తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట ప్లీడరు గారు నాలుగు పుస్తకాలు పంపి ఒక్కరోజులో కట్టి ఇమ్మన్నారు. చిత్తుకాగితం నిండుకుంది. భార్య పీట కింద కట్ట కనబడింది. అడుగు నుంచి చేతికందినంత లాగి, బద్దలుగా చింపి, అంటించాడు. ఆవిడ బజారు నుంచి వచ్చి చూసింది. "పనికిరాని రాత ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది" అన్నాడు. నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుంది. మళ్ళీ కలం పట్టలేదు. బుద్ధొచ్చిందనుకున్నాడు.

కూతురితో మాత్రం "ప్లీడరు గారింట్లో ఉంది, పద" అన్నాడు.

ప్లీడరు గారు కోర్టు మానేసి పదేళ్ళయింది, నోరు మానలేదు.

"ఏమయ్యా, నీ బైండింగ్ ఊడితే కదా నువ్వు రావాలి? ఊడకుండానే వచ్చావేం?"

"ఊడదీయడానికే వచ్చానండి."

సంగతంతా బైండరు ప్లీడరు గారికి చెప్పాల్సి వచ్చింది. కూతురు అప్పుడే మొదటిసారి విన్నది. తండ్రి వైపు చూడలేదు. బీరువాలోని పుస్తకాల వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఆ కాగితాలు తీసుకునే ముందు ఆవిణ్ణి అడిగావా?" అన్నారు ప్లీడరు గారు.

"సొంత పెళ్ళాన్ని అడిగేదేముందండీ?"

"అదిగో, నీ చేత్తో కట్టావే, ఆ లావుపాటి ఒప్పందాల చట్టం నిండా రాసున్నది అదే. అడగాలని." ఆయన బీరువా తాళం తీశారు. "నీ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. నాలుగూ ఇవ్వను. ఒకటి తీసుకెళ్ళు. చెడకుండా తిరిగొస్తే మిగతావి చూద్దాం. ఏది కావాలి?"

"అమ్మ కథ చివరి కాగితం దేంట్లో ఉంది?" కూతురు అడిగింది.

"నాకేం తెలుసు?" అన్నాడు తండ్రి.

"చింపేటప్పుడు ఒక్క ముక్క కూడా చదవలేదా?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. అడుగు నుంచి లాగాడు గనక చివరిది ముందు పోయి ఉండాలి. ముందు కట్టింది లావుపాటిది. ఒప్పందాల చట్టం చంకన పెట్టుకున్నాడు.

కొట్లో అట్ట కోసి, గుడ్డ లాగాడు. అడుగున పసుపు పచ్చని బద్ద. బోర్లా అంటించి ఉంది. అంచున నీలం చుక్కలు. అప్పుడు బంక చిక్కగా ఉండి చప్పున ఆరిందేమో, ఇంకు అలాగే నిలిచింది.

"ఇంకుతో రాసింది నాన్నా. తడి తగిలితే పోతుంది. పొడిగానే తియ్యి. రేపటికైనా సరే, ఎల్లుండికైనా సరే."

"ఈ పని నాకు నేర్పుతున్నావా?"

అన్నాడే గానీ పొడిగానే మొదలుపెట్టాడు. కత్తి మొనతో గోరంత గోరంత లేపాడు. మధ్యాహ్నానికి జానెడు వచ్చింది. బద్ద వెడల్పు రెండంగుళాలు. ప్రతి వాక్యానికీ తల ఉంది, మొండెం లేదు. కూతురు కూడబలుక్కుని చదివింది. 'వంటమనిషి నోరు... ఎదురుగా ఉన్న... నా మాట వినడానికి...'

"తర్వాత?"

తర్వాత బంక రాయిలా బిగిసింది. అది ఆయన కలిపిన బంకే. కత్తి జారి ఫారం వెన్ను చీలింది. ఇంకోసారి జారింది. నలభై ఏళ్ళుగా ఇలాంటి చోట ఏం చేసేవాడో ఆ చేతికి తెలుసు. కూతురు నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. కొంచెమే కదా అనుకున్నాడు. తడి జిగురు ఒక వేలితో తీసి, బంక నానేలా రాశాడు.

బద్ద మెత్తబడి చక్కగా, తేలిగ్గా ఊడి వచ్చింది. తిప్పి చూస్తే అటువైపంతా నీలం మరక. ఒక్క అక్షరం లేదు. ఆయన వేలు కూడా నీలంగా ఉంది.

కూతురు వచ్చి చూసింది. కేకలేస్తుందనుకున్నాడు. చదివిన జానెడు ముక్కని మొదటి సగంతో కలిపి సంచిలో పెట్టుకుంది.

"అది ఇక్కడే ఉంచమ్మా. నేను..."

"నీ దగ్గర కాగితం ఉండదు నాన్నా" అని చెప్పులేసుకుంది.

వారం తర్వాత పుస్తకం తీసుకెళ్ళాడు. ప్లీడరు గారు చీలిన ఫారాలు తడిమి చూసి, మిగతా మూడూ ఉన్న బీరువాకి తాళం వేసుకున్నారు.

ఆ తర్వాత కొట్లో పని జరగడం బాగా నెమ్మదించింది. ఏ చిత్తుకాగితం చింపాలన్నా ఆయన ముందు కళ్ళజోడు పెట్టుకుని రెండు వైపులా చదివేవాడు. సబ్బుల ప్రకటనలు చదివాడు. పాత పరీక్ష పేపర్లు చదివాడు. ఎవరిదో సెలవు చీటీ రెండుసార్లు చదివాడు. చేతిరాత ఎక్కడ కనబడినా దీపం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆవిడ రాత ఎలా ఉంటుందో ఆయనకి సరిగ్గా గుర్తులేదు.