పెద్దల్లో కలవని లచ్చు

నాతోపాటు గల్ఫ్‌కు పనికొచ్చి, రిఫాలో పరంజా మీంచి పడి చనిపోయిన మా తమ్ముడు లచ్చును ఇక్కడే కాల్చారు. శవాన్ని ఊరికి పంపడం మా వల్ల కాలేదు. చిన్న కుండలో బూడిద, నాలుగు ఎముకలు మిగిలాయి. వాటిని పట్టుకుని ఆదిలాబాద్ పోవడమే ఇక నా పని. మేం గోండులం, మడావి వాళ్లం. మాలో చచ్చినవాడు పెద్దదేవుడి దగ్గరికి ఊరికే పోడు. సొంత మట్టిలో పెట్టి, మా పాటగాడు ప్రధాన్ కిక్రి వాయిస్తూ వంశం కథ పాడితే, అప్పుడు పెద్దల్లో కలుస్తాడు. అందాకా ఆకలితో తిరుగుతూనే ఉంటాడు. మమ్మల్ని కన్న అవ్వ ఫోన్‌లో ఈ మాటే చెప్పి చెప్పి ఏడ్చేది.

టికెట్ కోసం ఆఫీసుకు పోయి వచ్చేసరికి మంచం కింద కుండ లేదు.

"నేను, మన రూముల ఉండే స్వామి పోయి ముహర్రక్‌ల సముద్రంల కలిపినమన్నా," అన్నాడు నర్సింలు. నా పక్క మంచం వాడు, జగిత్యాల మనిషి. "బొక్కలు పండుకునే కాడ పెట్టుకోవద్దంటరు. గంగల కలిపినట్టే. తమ్మునికి మోక్షం."

"నన్నొక్క మాట అడగాలె గదరా."

"నీకు తిప్పలెందుకని, డ్యూటీ ఇడిసిపెట్టి పోయినం."

తలస్నానం చేసి వచ్చినట్టున్నాడు, జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఛీ, తిట్టే దారి కూడా లేకుండా చేశాడు. పగవాడైతే పీక పట్టుకునేవాణ్ని. వీడు నాతోపాటు లచ్చు శవాన్ని మోసినవాడు.

ముహర్రక్‌కు పరుగెత్తాను. ఎటు చూసినా నీళ్లు. ఏం ఏరుకోను అందులో? మోకాలిలోతు దిగి గోండిలో "లచ్చూ" అని పిలిచాను. ఒడ్డున వలలు సర్దుకునేవాళ్లు చూస్తుంటే సిగ్గేసి బయటికొచ్చాను.

అవ్వకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఆ నీళ్ల దగ్గర మనోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది.

"ఎవ్వరు లేరవ్వా."

"మరి వానికి బువ్వ ఎవరు పెడ్తరు? పరాయోళ్లు పెడితే ముట్టడు గదా."

శుక్రవారం నా విమానం. నేను గల్ఫ్ వచ్చాక పుట్టిన కూతుర్ని ఇంకా ఎత్తుకోనే లేదు. అది అవ్వకూ తెలుసు.

"నువ్వు రాకు బిడ్డా," అంది. "నీ పిల్లకు ఈడ నేనున్న. ఆడ వాడు ఒక్కడే."

మర్నాడు అన్నం డబ్బా కట్టుకుని ముహర్రక్ బస్సెక్కాను. ఇట్లా ఎన్నేళ్లు ఎక్కాలో అవ్వ చెప్పలేదు.