అన్నయ్య ఇచ్చిన మూలకణాలు

అన్నయ్య ఏ పనైనా ముందు పదిమందికి చెప్పుకుని తర్వాత చేసే రకం. చాలాసార్లు చెప్పుకోవడంతోనే సరిపెట్టేవాడు. అందుకే సైన్సు టీచరైన అతని చెల్లెలికి లుకేమియా, అంటే రక్తక్యాన్సర్ అని తేలి, మూలకణాలు సరిపోయేది అన్నయ్యవేనని డాక్టరమ్మ చెప్పినప్పుడు టీచరు కళ్లు మూసుకుంది.

"ఇంకెవరూ లేరా?" అంది.

సాయంత్రానికల్లా అన్నయ్య ఆఫీసంతా చాటింపు వేశాడు. డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "మూలకణాలు ఎముక మజ్జలో ఒక వలను పట్టుకుని ఉంటాయండీ. ఈ ఇంజెక్షన్లు చేస్తే అక్కడ కొన్ని ఎంజైములు విడుదలై ఆ పట్టు తెంచుతాయి. కణాలు రక్తంలోకి వస్తాయి, మెషీన్‌తో తీసుకుంటాం. ఆ నాలుగైదు రోజులూ ఎముకలు నొప్పిపెడతాయి, అంతే."

"నొప్పా? నాకా?" అని నవ్వాడు.

రెండో ఇంజెక్షన్‌కే ఆస్పత్రి మంచమెక్కి మూలగడం మొదలుపెట్టాడు. మూడో రోజు, అద్దాల గదిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు. అప్పటికే మందులతో ఆమె మజ్జను ఖాళీ చేసేస్తున్నారు. ఇక వెనక్కి తిరిగే వీల్లేదు.

"నేను చదివానే. లుకేమియా కణాలు కూడా ఆ ఎంజైములతోనే వల తెంచుకుని ఒళ్లంతా పాకుతాయట! నాకూ వస్తే?"

పాతికేళ్ల ఉద్యోగంలో ఏడో తరగతి పిల్లలు కూడా ఆమెను ఇంత మొద్దు ప్రశ్న అడగలేదు.

"అన్నయ్యా, ఆ ఎంజైములు నీ ఒంట్లో పుట్టినప్పట్నుంచీ ఉన్నాయి. మజ్జలో తయారైన కణాలు రక్తంలోకి రావడానికి అవి కావాలి. నాలో చెడిపోయిన కణాలు వాటిని వాడుకుంటున్నాయి. నీకేం రాదు. నీ మూలుగు భరించడం లుకేమియా వల్ల కూడా కాదు."

"రెండ్రోజులు ఇంటికెళ్లి వస్తానే."

"వదినకివ్వు ఫోను." వదినతో ఒక్క మాటే అంది. "వాడెళ్తే నేను పోతాను వదినా."

వదిన వెంటనే మొగుడి చెప్పులు సంచిలో వేసుకుని, తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుంది. "సిగ్గులేదూ? పడుకోండి," అంది. చెప్పుల్లేకుండా వరండా దాటే ధైర్యం కూడా అన్నయ్యకు లేకపోయింది.

ఐదో రోజు మెషీన్ పక్కన నాలుగు గంటలు పడుకుని, నర్సు చేత పదిహేడు ఫొటోలు తీయించుకున్నాడు.

ఆ కణాలు ఎక్కించిన మూడో వారానికి టీచరు ఒంట్లో కొత్త తెల్లకణాలు పెరిగాయి. అన్నయ్య అద్దం అవతల నిలబడి, ఫోన్‌లో, "చూశావా, ఇప్పుడు నీలో తయారయ్యేది నా రక్తం!" అన్నాడు.

"అందుకే కాబోలు, సూది చూస్తే ఏడుపొస్తోంది."

ఏడాది తర్వాత తన ఆఫీసులో తనకే సన్మానం ఏర్పాటు చేయించుకుని, చెల్లెల్ని వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఆ రోజు బడిలో పరీక్ష ఉందని కబురు పంపింది.

పరీక్షేమీ లేదు.