గవదబిళ్లల గొలుసు

నేను ఒక రెండు పేటల బంగారు గొలుసును. సామర్లకోటలో ఒక కంసాలి కుంపటి ముందు పుట్టి, మాణిక్యమ్మ పెళ్లికి ఆమె మెడలో పడ్డాను. అక్కడ నేను స్థిమితంగా ఉన్నది తక్కువే. వీధిలో ఏ పిల్లవాడికి గవదబిళ్లలు వచ్చి బుగ్గలు ఉబ్బినా, బంగారు గొలుసు వేస్తే తగ్గుతాయని నన్ను అడిగి పట్టుకుపోయేవారు. వారం తిరిగేసరికి వాపు దానంతటదే దిగేది. పేరు నాకొచ్చేది. కాదనడానికి నాకు నోరు లేదు. ఉన్నా అనేదాన్ని కాదేమో.

ఒకసారి పక్కింటి లోవలక్ష్మి తన భర్త నూకరాజు కోసం నన్ను అడిగింది. అతను ఇళ్లకు కరెంటు వైర్లు వేసే పనివాడు, ముప్పై ఏళ్లు నిండలేదు. మెడకు ఎడమవైపు, మెడ కింది ఎముకకు కాస్త పైన గడ్డ కట్టింది. అంత మగాడికి గవదలేమిటని వీధంతా ఆటపట్టిస్తే అతనూ నవ్వాడు. నన్ను మెడలో వేసుకుని స్నానానికి వెళ్లినప్పుడు మాత్రం తలుపు గడియ పెట్టి, కింద ఒక బీజానికి వచ్చిన వాపును తడిమి చూసుకునేవాడు. వరిబీజమనుకున్నాడు, చెబితే పరువు పోతుందనుకున్నాడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మాణిక్యమ్మ ఆ గడ్డను వేలితో నొక్కి చూసింది.

“పిల్లలకైతే వారంలో పోద్ది కదరా. నీకింకా గట్టిపడిందేంటి? గొలుసు ఉండనీ గానీ, ముందు ఆసుపత్రికి పద.”

“ఇంకెక్కడైనా వాపు ఉందా?” అని అడిగాడు డాక్టరు.

“లేదండి” అన్నాడు నూకరాజు, భార్య వైపు చూడకుండా.

డాక్టరు ఆడవాళ్లిద్దరినీ బయట కూర్చోమని మళ్లీ అడిగాడు. నూకరాజు మూసిన తలుపు వైపు చూసి, మెడలో ఉన్న నన్ను వేలితో తిప్పాడు. చివరికి చెప్పేశాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు అతని పక్కనే కూర్చున్నాడు. “బీజంలో పుట్టిన క్యాన్సరు మామూలుగా పొట్టలోకి పాకుతుంది. ఏ ఒక్కరికో ఇలా మెడలో బయటపడుతుంది. నయం చేయొచ్చు. ఇక ఏదీ దాచకు.”

స్కానింగు గదిలోకి వెళ్తూ అతను నన్ను తీసి లోవలక్ష్మి చేతిలో పెట్టాడు. ఆపరేషన్ చేసి ఆ బీజాన్ని తీసేశారు. తర్వాత నెలల తరబడి సెలైన్‌తో మందు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయింది. ఆ రోజుల్లో నేను ఆమె పిడికిలిలోనే ఉన్నాను. అతను బతకాలని ఆమె ఎంత గట్టిగా కోరుకుందో ఆ పట్టులోనే తెలిసింది. నాకూ అతను బతకాలనే ఉండేది.

“ముందే చెప్తే నేను నవ్వేదాన్నా మావా?” అని ఒకరోజు అడిగింది. అతను ఆమె చేయి పట్టుకుని వదల్లేదు.

మెడలో గడ్డ కరిగిపోయింది. నేను తిరిగి మాణిక్యమ్మ మెడలోకి వచ్చాను. నూకరాజు ఇంటికి వచ్చిన రోజు చుట్టుపక్కల వాళ్లంతా చేరారు.

“అంతా మాణిక్యమ్మ గొలుసు మహిమే!” అంది ఒకావిడ. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

నూకరాజు ముఖం ఎర్రబడింది. అయినా లేచి నిలబడ్డాడు.

“గొలుసు కాదండి. నా బీజానికి క్యాన్సరొచ్చింది. ఒకటి తీసేశారు, మందులెక్కించారు, బతికేను. మీలో ఎవరికైనా అక్కడ వాపుంటే నాలాగా దాచుకోకండి.”

ఎవరూ నవ్వలేదు. వీధి చివర ఇస్త్రీ చేసే అప్పలస్వామి, అందరూ వెళ్లేదాకా ఆగి, దగ్గరికొచ్చాడు. నన్ను అడుగుతాడేమోనని భయపడ్డాను. అతను నూకరాజు భుజం మీద చేయి వేసి, చెవిలో చెప్పినట్టు అన్నాడు:

“రేపు నన్నూ ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా రాజూ?”